కిస్తీ ఎక్కడ కట్టాలి? రిజర్వు బ్యాంకు గవర్నర్‌కు ఒక మాజీ సర్పంచి లేఖ

గౌరవనీయులైన రిజర్వు బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి నమస్కారాలు.

నేను కృష్ణా జిల్లాలో ఒక చిన్న పంచాయతీకి 2006 నుంచి 2011 వరకు సర్పంచిగా పనిచేశాను. నేను గెలిచిన ఏడాదే మార్చిలో పేద ఆడవాళ్లకు గ్రూపులుగా చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల శాఖలకు మా జిల్లా అధికారులు తాళాలు వేశారు. నా పదవీకాలం ముగిసేనాటికి రాష్ట్రమంతటా ఆ అప్పుల వ్యవహారమే నలుగుతోంది. ఆ అయిదేళ్లలో రోడ్ల కంటే, మంచినీళ్ల కంటే ఎక్కువగా నా గడప తొక్కిన సమస్య వారం వారం కట్టవలసిన కిస్తీ. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

2010 అక్టోబరు 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత అదే చట్టమైంది. సంస్థలు జిల్లా స్థాయిలో నమోదు కావాలని, వారం కిస్తీలు మాని నెల కిస్తీలే తీసుకోవాలని, అసలుకు మించి వడ్డీ వసూలు చేయరాదని అందులో ఉంది. వీటన్నిటి మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో నిబంధన ఉంది. కిస్తీ వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయంలోనే జరగాలి, లేదా కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలంలో జరగాలి. ఇళ్ల దగ్గర కాదు.

దాని విలువ ఏమిటో నేను కళ్లారా చూశాను. అంతకు ముందు వసూలు గ్రూపు లీడరు వసారాలో జరిగేది. ఒకామె దగ్గర డబ్బు లేకపోతే మిగతా వాళ్లెవరూ కదలడానికి వీల్లేదు. పొద్దున కూలికి పోవలసిన పదిమంది ఆమె గుమ్మం ముందు కూర్చునేవారు. వసూలుకు వచ్చిన యువకుడు పల్లెత్తు మాట అనేవాడు కాదు. అనవలసినవన్నీ ఇరుగుపొరుగే అనేవారు. పూచీ అందరిదీ కదా! ఒకసారి ఒక ఇల్లాలు పొయ్యి మీది అన్నం గిన్నె దించి, ఆ గిన్నెనే తాకట్టు పెట్టడానికి తీసుకుపోతుంటే ఎదురుపడ్డాను. ఆ రోజు ఆమెకు నేనేమీ చేయలేకపోయాను. సర్పంచినే గాని, ఆ వసారాలోకి వెళ్లి మాట్లాడే అధికారం నాకు ఏ చట్టమూ ఇవ్వలేదు.

ఆర్డినెన్స్ వచ్చాక అదే యువకుడు, అదే పుస్తకంతో పంచాయతీ కార్యాలయంలో బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన కార్యదర్శి ఉన్నాడు, పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు ఉన్నారు. బాకీ మారలేదు, వడ్డీ మారలేదు. గొంతులు మారాయి. "ఈ నెల సగమే కడతాను" అని ఒకామె నలుగురిలో తల ఎత్తుకుని చెప్పడం ఆ గదిలోనే మొదటిసారి విన్నాను.

తర్వాత జరిగినదాన్ని దాచను. మా ఊళ్లోనే కాదు, రాష్ట్రమంతటా కట్టడమే మానేశారు. కట్టగలిగినవాళ్లు కూడా మానేశారు, కట్టవద్దని చెప్పిన నాయకులూ ఉన్నారు. సంస్థలు కొత్త అప్పులు ఆపేశాయి. అవసరం మాత్రం ఆగలేదు కాబట్టి జనం మళ్లీ వడ్డీ వ్యాపారుల దగ్గరికే వెళ్లారు. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించే కాల్‌మనీ దురాగతాలు బయటపడినప్పుడు మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. ఆ చట్టం బిగించకూడని చోట కూడా బిగించిందని ఇప్పుడు నేను ఒప్పుకుంటాను. కానీ దానితో పాటు ఆ ఒక్క మంచి నిబంధన కూడా కొట్టుకుపోయింది. నా బాధ అదే.

న్యాయపరంగా జరిగింది మీకు నాకంటే బాగా తెలుసు. 2022 మార్చి 14న మీ బ్యాంకు సూక్ష్మరుణాలపై కొత్త ఆదేశాలు ఇచ్చింది, అవి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వడ్డీపై అంతకు ముందున్న పరిమితి తొలగిపోయింది. వడ్డీ మితిమీరి ఉండరాదన్న మాట మాత్రం మిగిలింది. మే 10న నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మీ బ్యాంకు నియంత్రణలో ఉన్న ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని తేల్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు అదే బాటలో ఉమ్మడి రాష్ట్రపు ఆ పాత చట్టం ఆ సంస్థలకు వర్తించదని చెప్పింది. అంటే 2022లో రెండు నెలల వ్యవధిలోనే కేంద్రం వైపు నుంచి వడ్డీ పరిమితి పోయింది, రాష్ట్రం చేతి నుంచి అధికారం పోయింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక వేధింపుల మీద ఆర్డినెన్స్ తెచ్చినా, మీ దగ్గర నమోదైన సంస్థలను దాని పరిధి నుంచి మినహాయించింది. మినహాయించక తప్పని పరిస్థితి అది.

నేను సుప్రీంకోర్టు తీర్పును తప్పుపట్టడం లేదు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా లాగితే ఏ సంస్థా నిలబడదు. అయితే ఇప్పుడు మొత్తం బాధ్యత మీ ఒక్కరిదే అయింది. ముంబయిలో ఉన్న మీకూ మా ఊరి వసారాకూ మధ్య ఉన్న దూరాన్ని నింపేవాళ్లు ఎవరూ లేరు. 2012లో లోక్‌సభ ముందుకు వచ్చిన సూక్ష్మరుణ సంస్థల బిల్లులో జిల్లా కమిటీల ఏర్పాటు ఉండేది. అది చట్టం కాలేదు.

మీ ఆదేశాలను నేను శ్రద్ధగా చదివాను. మంచి నిబంధనలే ఉన్నాయి. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక ఫోన్లు చేయరాదు. వసూలు సంస్థా, అప్పు తీసుకున్న మనిషీ కలిసి నిర్ణయించుకున్న చోట జరగాలి. అక్కడికి రెండుసార్లు వరుసగా రాకపోతేనే ఇంటికి వెళ్లాలి. ఇక్కడే నా అభ్యంతరం. అప్పు కోసం చేయి చాచిన మనిషి ఆ చోటును ఎలా నిర్ణయించగలదు? సంస్థ చెప్పిన చోటికే తల ఊపుతుంది. ఆ చోటు మళ్లీ లీడరు వసారాయే అవుతుంది. వేధింపులపై మీ నిబంధనలు సంస్థ సిబ్బంది గురించి, ఏజెంట్ల గురించి మాట్లాడతాయి. పూచీ పేరుతో పక్కింటామె గుమ్మంలో కూర్చున్న అక్కచెల్లెళ్ల గురించి మాట్లాడవు.

కాబట్టి ఆ నిర్ణీత స్థలం పంచాయతీ కార్యాలయమో, మరో ప్రభుత్వ భవనమో, బహిరంగ స్థలమో అయి ఉండాలని మీరే రాయండి. రాష్ట్రం రాస్తే చెల్లదు, మీరు రాస్తే చెల్లుతుంది. పంచాయతీకి మీ అధికారంలో వాటా అడగడం లేదు. పంచాయతీలకు అప్పగించదగిన పనులుగా రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చెప్పిన 29 అంశాల్లో అప్పుల నియంత్రణ లేదని నాకు తెలుసు. సర్పంచి చేతికి అప్పుల జాబితా ఇవ్వవద్దు. ఎవరెంత బాకీ ఉన్నారో బయటపెట్టనూ వద్దు. పార్టీల పట్టింపులు ఉన్న ఊళ్లలో ఆ కాగితం ఎలాంటి ఆయుధమవుతుందో నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఒక గది, ఒక బల్ల, నలుగురి కళ్లు.

రెండో విన్నపం వడ్డీ గురించి. ప్రతి సంస్థా తన కనిష్ఠ, గరిష్ఠ, సగటు వడ్డీ రేట్లను తన కార్యాలయాల్లో ప్రదర్శించాలని మీరు చెప్పారు. ఆ కార్యాలయం పట్నంలో ఉంది. మా వాళ్లకు ఆ బోర్డు కనిపించేసరికి చేతిలో అప్పు ఉంటుంది. అదే బోర్డు పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉంటే, నాలుగు సంస్థల రేట్లను పక్కపక్కన పెట్టి చూసుకోగలరు. అదీ మా లెక్కలో ఉండాలి. మా ఊళ్లలో ఏడాదికి 24 శాతం అంటే తెలియదు, రెండు రూపాయల వడ్డీ అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. మహిళా సంఘాలకు మూడు శాతానికి అప్పు ఇప్పించిన పథకానికి ప్రభుత్వమే పావలా వడ్డీ అని పేరు పెట్టింది. దానికి వివరణ ఎవరూ అడగలేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. అసలు తీరుతూ వస్తున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ కట్టించుకుంటే, నిజంగా పడే భారం చెప్పిన వడ్డీకి దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకని రేటు పక్కనే "పదివేలు తీసుకుంటే ఏడాదికి మొత్తం ఇంత కట్టాలి" అని కూడా రాయించండి.

ఆదాయం లెక్క గురించి కూడా ఒక మాట. ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండరాదన్నారు. కాగితం మీద న్యాయమే. మా కూలీలకు నాట్లప్పుడు, కోతలప్పుడు డబ్బు కనిపిస్తుంది. మధ్యలో వచ్చే ఖాళీ నెలల్లో సగటుతో కడుపు నిండదు. కిస్తీలను పంటకాలంతో ముడిపెట్టే వెసులుబాటును కోరకముందే వాళ్ల ముందు పెట్టాలి.

ఇక ఫిర్యాదు. మొదట సంస్థకు చెప్పాలి, ముప్పై రోజులు చూడాలి, తర్వాత ఫిర్యాదులు విచారించే మీ అంబుడ్స్‌మన్‌కు రాయాలి. గుమ్మంలో మనుషులు కూర్చున్న ఇంటికి ముప్పై రోజులు చాలా ఎక్కువ. వేధింపు ఫిర్యాదులకు ఆ గడువు వద్దు. పంచాయతీ కార్యదర్శి తెలుగులో రాసిన ఫిర్యాదు తీసుకుని, రసీదు ఇచ్చి, మీకు పంపేలా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలతో మాట్లాడండి. తపాలాకు అయ్యే ఖర్చు తప్ప దానికి వేరే ఖర్చు లేదు.

ముందు ఒక జిల్లాలో ఆరు నెలలు చేసి చూడండి. కృష్ణా జిల్లాను ఎంచుకుంటే మా మండలానికి మీ అధికారులను పంపండి. 2010లో ఆ బల్ల దగ్గర కిస్తీ కట్టిన ఆడవాళ్లలో చాలామంది ఇంకా ఊళ్లోనే ఉన్నారు. ఆ గదిలో ఏమి మారిందో వాళ్లే చెబుతారు. ఎవరి ఇంటికి వెళ్లాలో నేను చూపిస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక మాజీ సర్పంచి, కృష్ణా జిల్లా