బొత్తాలు చూసి ఎడిటర్‌ను ఎంచుకోవద్దు

సంపాదకులకు,

పాఠకుల నుంచి రచనలు, వ్యాఖ్యలు, ఫిర్యాదులు తీసుకునే ప్రతి వెబ్ అప్లికేషన్‌లోనూ రాయడానికి ఒక పెట్టె ఉంటుంది. దాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది పైన వరుసగా ఉన్న బొత్తాలనే చూస్తారు. బోల్డ్ ఉందా, పట్టిక వస్తుందా, బొమ్మ చేర్చవచ్చా అని లెక్క వేసుకుంటారు. నిజానికి అడగాల్సిన ప్రశ్నలు రెండే. రాసింది డేటాబేస్‌లో ఏ రూపంలో నిలుస్తుంది? తెలుగు రాస్తే చెక్కుచెదరకుండా తిరిగి వస్తుందా? ఈ రెండూ తేల్చుకోకుండా పెట్టిన ఎడిటర్‌ను తర్వాత ఎప్పుడో మార్చబోతే, అప్పటిదాకా పోగైన పేజీలన్నీ చిక్కుముడులై కూర్చుంటాయి.

ముందు నిల్వ సంగతి. చూస్తూ రాసే ఎడిటర్లకు, అంటే తుది రూపం రాస్తుండగానే తెర మీద కనిపించేవాటికి, పునాది బ్రౌజర్‌లోని కంటెంట్ ఎడిటబుల్ అనే సదుపాయం. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో వచ్చింది. ఎంటర్ నొక్కితే పేజీ కోడ్‌లో ఏ ట్యాగ్ (భాగాన్ని సూచించే గుర్తు) పుట్టాలో, బోల్డ్ నొక్కితే ఏది పుట్టాలో చాలాకాలం ఏ ప్రమాణమూ చెప్పలేదు. ఒక బ్రౌజర్ పేరా ట్యాగ్ పెట్టింది, ఇంకొకటి డివ్ పెట్టింది, మరొకటి బీఆర్‌తో సరిపెట్టింది. అలా పుట్టిన హెచ్‌టీఎంఎల్‌ను, అంటే వెబ్ పేజీ కోడ్‌ను, యథాతథంగా దాచిన చోట ఒకే రకం పేరాకు మూడు రకాల కోడ్ కనిపించడం అందుకే. ప్రోజ్‌మిర్రర్, లెక్సికల్, స్లేట్ వంటి ఇటీవలి ఎడిటర్లు ఈ గొడవ నుంచి బయటపడేందుకు పత్రానికి సొంత నమూనాను పెట్టుకున్నాయి. పేరాలో ఏమి ఉండవచ్చు, జాబితాలో ఏమి ఉండవచ్చు అన్నది ముందే నిర్ణయిస్తే, అందులో ఇమడనిది లోపలికి రాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ తరహా ఎడిటర్‌నే తీసుకోవాలి.

రెండో దారి తేలికపాటి మార్కప్ భాషలు, అంటే నక్షత్రం, అడ్డగీత వంటి మామూలు గుర్తులతో బోల్డ్, జాబితా లాంటివి సూచించే పద్ధతులు. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్న మార్క్‌డౌన్‌ను 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ తోడ్పాటుతో బయటపెట్టారు. మొదటి వివరణలో సందిగ్ధాలు చాలా ఉండటంతో ఎవరి లైబ్రరీ (మార్పిడి చేసే కోడ్) వాళ్లకు తోచినట్లు అర్థం చేసుకుంది. 2014లో వచ్చిన కామన్‌మార్క్ అనే కచ్చితమైన వివరణ 600కు పైగా ఉదాహరణలతో వాటిని తేల్చింది. పట్టికలు, కొట్టివేత గీత మూల మార్క్‌డౌన్‌లో లేవు. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ వాడే రకంలో ఉన్నాయి. కాబట్టి ‘మార్క్‌డౌన్‌లో దాచాం’ అంటే సరిపోదు. ఏ రకం, ఏ లైబ్రరీ, ఎన్నో వెర్షన్ అన్నది కూడా పాఠం పక్కనే రాసిపెట్టాలి. దాచాల్సింది మనిషి రాసిన మూలపాఠాన్ని. దాని నుంచి పుట్టే హెచ్‌టీఎంఎల్ ఎప్పుడు కావాలన్నా మళ్లీ తయారు చేసుకోగల నకలు మాత్రమే.

ఒకే పాఠాన్ని రెండు పద్ధతుల్లోనూ దిద్దుకునే వీలు ఇవ్వాలనుకుంటే జాగ్రత్త ఇంకా పెరుగుతుంది. చూస్తూ రాసే పద్ధతిలో ఒక్క కామా మార్చి భద్రపరిస్తే, ఎడిటర్ పత్రం మొత్తాన్ని తన అలవాటు ప్రకారం తిరగరాస్తుంది. నక్షత్రంతో పెట్టిన జాబితా అడ్డగీతలతో వస్తుంది, కలిపిన గడులున్న పట్టిక విడిపోతుంది. ఏ మార్పు ఎవరు చేశారో పోల్చి చూసుకోవడానికి ఇక వీలుండదు. వికీపీడియా విజువల్ ఎడిటర్ వెనక పనిచేసే పార్సాయిడ్ దీనికి మంచి ఉపాయం చూపింది: వాడుకరి ముట్టుకున్న భాగాన్నే మళ్లీ వికీ గుర్తుల్లోకి మార్చి, మిగిలిన మూలపాఠాన్ని అక్షరం కదపకుండా ఉంచుతుంది. అంత పని చేయలేని చోట రెండు పద్ధతులూ ఇవ్వకపోవడమే మేలు.

ఇక తెలుగు. మార్క్‌డౌన్ నియమాలు పదాల మధ్య ఖాళీ ఉంటుందన్న ఊహ మీద నిలిచాయి. మన విభక్తులేమో పదానికి అతుక్కునే వస్తాయి. **రాము**కు అని రెండేసి నక్షత్రాలతో రాస్తే కామన్‌మార్క్‌లో రాము మందంగా వస్తుంది, ఇబ్బంది లేదు. నక్షత్రాల బదులు _రాము_కు అని అండర్‌స్కోరు వాడితే గుర్తులు గుర్తులుగానే కనిపిస్తాయి. ప్రోగ్రాముల్లో అండర్‌స్కోర్లతో కలిపి రాసే పేర్లు పాడవకుండా, పదం మధ్యలో అండర్‌స్కోరు పనిచేయకూడదని నియమం పెట్టారు మరి. ఇంకా చిక్కు తెచ్చేది **“రాము”**కు అన్న రూపం. ముగింపు నక్షత్రాలకు ముందు విరామచిహ్నం, వెనక అక్షరం ఉంటే అవి ముగింపుగా లెక్కలోకి రావు. కొటేషన్ గుర్తులను బయటికి తెచ్చి “**రాము**”కు అని రాస్తే సరిపోతుంది. నక్షత్రాలకు ముందు ఖాళీ చేరినా ఇదే గతి. బొత్తం నొక్కినప్పుడు ఎంపిక చివర ఉన్న ఖాళీని నక్షత్రాల బయటికి నెట్టే పని ఎడిటరే చేయాలి. అది రాసేవారి బాధ్యత కాదు.

పద్యాలు ప్రచురించేవాళ్లకు ఇంకో దెబ్బ. మార్క్‌డౌన్‌లో ఒక్కసారి ఎంటర్ కొడితే పంక్తి మారదు. నాలుగు పాదాలూ ఒకే పేరాగా కలిసిపోతాయి. పాదం చివర రెండు ఖాళీలు పెట్టమంటారు గానీ, భద్రపరిచేటప్పుడు పంక్తి చివరి ఖాళీలను కత్తిరించే ఎడిటర్లు చాలా ఉన్నాయి. కామన్‌మార్క్‌లో పాదం చివర వెనక్కి వాలిన గీత \ పెడితే భద్రం. పాదాలన్నిటినీ నాలుగు ఖాళీలు లోపలికి జరిపితే మాత్రం పద్యం కాస్తా కోడ్ పెట్టెలో పడుతుంది. అలాగే పేరా ‘1986.’ అని మొదలైతే అది 1986 నుంచి మొదలయ్యే సంఖ్యల జాబితా అవుతుంది. చుక్కకు ముందు \ చేరిస్తే ఆగుతుంది. తెలుగు అంకెలతో ౧. అని రాస్తే ఆ జాబితా అసలు పుట్టదు.

ప్రతి లిపిలోని అక్షరాలకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్ దగ్గర జరిగే నష్టం కంటికి త్వరగా కనపడదు. ‘క్షి’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు క, పొల్లు, ష, గుడి కలిపి నాలుగు సంకేతాలు. పరిచయ వాక్యం కోసం పాఠాన్ని సంకేతాల లెక్కన కత్తిరిస్తే చివర ‘క్’ మిగలవచ్చు. హల్లుకూ గుణింతానికీ మధ్య బోల్డ్ ట్యాగ్ పడితే, ఆ గుర్తు చుక్కల వలయం మీద ఒంటరిగా తేలవచ్చు. కాబట్టి కత్తిరించడం, ఎంపిక, కర్సర్ కదలిక, కంటికి ఒక్క అక్షరంగా కనిపించే అక్షర సమూహం లెక్కన జరగాలి. జావాస్క్రిప్ట్‌లో Intl.Segmenter అనే సదుపాయం ఉన్నది ఇందుకే. బ్యాక్‌స్పేస్‌ను మాత్రం దీనికి కట్టేయవద్దు. టైపు చేస్తూ ఒక్క గుణింతాన్ని సరిచేసుకోవాలంటే, మొత్తం అక్షరం పోకుండా చివరి గుర్తే పోవడం వీలుగా ఉంటుంది.

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తర్వాత కంటికి కనపడని, పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ‘కనపడని అక్షరాలు తీసేస్తున్నాం’ అంటూ దాన్ని కూడా ఊడ్చేసే శుద్ధి కోడ్ వల్ల ఆ మాట ‘సాఫ్ట్వేర్’గా మారి, వ కాస్తా ట కింద ఒత్తుగా చేరుతుంది. దాన్ని తీయకూడదు. శీర్షికల నుంచి లింకులు తయారయ్యే చోట ఇంతకంటే దారుణం జరుగుతుంది. పాఠంలో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ‘పదంలోని అక్షరం’ అనే అర్థంతో వాడే \w గుర్తు జావాస్క్రిప్ట్‌లో తెలుగునే ఎరగదు, శీర్షిక మొత్తం ఖాళీ అవుతుంది. పైతాన్ ప్రామాణిక లైబ్రరీలో అది హల్లులను ఉంచి గుణింతాలను వదిలేస్తుంది. అలా పాట, పేట, పోటు మూడూ ‘పట’ అయి, మూడు శీర్షికల లింకులు ఢీకొంటాయి. యూనికోడ్‌లో అక్షరాలతో పాటు ‘మార్క్’ వర్గాన్ని కూడా అనుమతిస్తే చాలు, ఈ చిక్కు పోతుంది.

వాలు అక్షరాల గురించి ఒక మాట. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ రూపం లేదు. ఒక నక్షత్రం పెట్టగానే బ్రౌజర్ నిలువు అక్షరాన్నే పక్కకు వంచేస్తుంది, ఒత్తులు పక్క అక్షరాల మీదికి వాలతాయి. తెలుగు పేజీల్లో ఎంఫసిస్ ట్యాగ్‌కు వాలు తీసేసి, కాస్త మందమో వేరే రంగో ఇవ్వడం మంచిది.

వర్డ్ నుంచి అతికించినప్పుడు వచ్చే ఎంఎస్ఓ శైలుల చెత్తను చాలా ఎడిటర్లు తీసేస్తాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాఠం సంగతి వేరు. అక్కడ అసలు సంకేతాలు ఇంగ్లిష్ అక్షరాలవి, ఫాంటే తెలుగు బొమ్మలు చూపిస్తుంది. ఫాంట్ శైలిని తీసేయగానే పాఠం అర్థంకాని గుర్తుల కుప్పగా మారుతుంది. అతికించిన దానిలో అలాంటి ఫాంట్ పేరు ఉందేమో ముందే చూసి, యూనికోడ్‌లోకి మార్చి తెమ్మని చెప్పాలి. శుద్ధి అయ్యాక చెబితే మూలం ఏ ఫాంట్‌దో తెలిసే ఆధారం మిగలదు.

భద్రత విషయంలో ఒకటే పట్టుదల: మార్క్‌డౌన్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చిన తర్వాతే శుద్ధి (హానికరమైన కోడ్ తీసేయడం) చేయాలి, ముందు కాదు. మార్క్‌డౌన్ నేరుగా హెచ్‌టీఎంఎల్ ట్యాగులను అనుమతిస్తుంది. లింకు చిరునామాలో జావాస్క్రిప్ట్ పెట్టినా, అది మార్పిడి తర్వాతే లింకుగా పుడుతుంది. నిషేధాల జాబితా కాకుండా అనుమతుల జాబితా పెట్టుకోవాలి: పేరా, శీర్షికలు, జాబితాలు, ఉల్లేఖన, బోల్డ్, హెచ్‌టీటీపీఎస్ లింకులు. బ్రౌజర్‌లో చేసే శుద్ధి ఒక్కటే చాలదు. ఎడిటర్‌ను దాటేసి సర్వర్‌కు నేరుగా పంపడం ఎవరికైనా సాధ్యమే.

ఎడిటర్ ఏదైనా, పెట్టే ముందు ఒక చిన్న పాఠంతో పరీక్షించవచ్చు. అందులో ఒక పద్యం, ‘క్షి’, ‘సాఫ్ట్‌వేర్’, కొటేషన్‌లో విభక్తి తగిలించిన బోల్డ్ పదం, ‘1986.’తో మొదలయ్యే పేరా, గుణింతాలున్న రెండు శీర్షికలు ఉండాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతోనూ, కంప్యూటర్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగుతో తెలుగు కొట్టే పద్ధతిలోనూ టైపు చేయాలి. మాట పూర్తికాకముందే ఎడిటర్ తెరను తిరిగి గీస్తే అక్షరాలు రెండేసిసార్లు పడటం ఇక్కడే బయటపడుతుంది. తర్వాత భద్రపరచి, తెరిచి, ఏమీ మార్చకుండా మళ్లీ భద్రపరచాలి. ఇలా మూడుసార్లు చేశాక డేటాబేస్‌లోని మొదటి, చివరి పాఠాలను బైటు బైటుగా పోల్చి చూడాలి.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్