మిషిగన్ మంచులో పక్షులకు ఏం పెట్టాలి?

సంపాదకులకు,

నమస్కారం. అమెరికాలోని తెలుగు కుటుంబాలు చలికాలంలో మిగిలిన అన్నం, జంతికలు, బ్రెడ్డు ముక్కలు పెరట్లో వేస్తే పక్షుల ఆకలి తీరుతుందని, పుణ్యమూ దక్కుతుందని సూచిస్తూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరాన్ని ఇటీవల మీ పత్రికలో చదివాను. ఆమె ఉద్దేశాన్ని తప్పుపట్టను. తద్దినం నాడు కాకి ముద్ద ముట్టేదాకా ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోని కుటుంబంలోనే నేనూ పెరిగాను. అయితే డెట్రాయిట్ శివారులో 11 చలికాలాలుగా పక్షులకు తిండి పెడుతున్నవాడిగా, ఆ సూచనను పాటిస్తే పక్షులకు ఒరిగేది తక్కువని, ఇబ్బందులే ఎక్కువని చెప్పక తప్పడం లేదు.

ఇక్కడ డిసెంబరులో సాయంత్రం అయిదింటికే చీకటి పడి, మర్నాడు ఎనిమిదింటికి గాని తెల్లవారదు. మా పెరటికి రోజూ వచ్చే బ్లాక్ క్యాప్డ్ చికడీ అనే నల్లటోపీ పిట్ట సుమారు 11 గ్రాములుంటుంది. ఆ 15 గంటల రాత్రిని అది పగలు తిని ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకురావాలి. ఆ కొద్ది కొవ్వు తెల్లారేదాకా సరిపోవడానికి అది రాత్రిళ్లు తన ఒంటి వేడిని దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ మేరకు తగ్గించుకుంటుంది. అలాంటి ప్రాణికి మంచులో రాయిలా గడ్డకట్టిన అన్నం ఏం పనికొస్తుంది? బ్రెడ్డు పొట్ట నింపుతుందే గాని వేడినివ్వదు, జంతికల్లోని ఉప్పు హాని చేస్తుంది. పైగా నేల మీద వేసిన మెతుకులకు ముందుగా చేరేవి ఎలుకలు. మొదటి ఏడాది నేనూ అదే పొరపాటు చేసి పక్కింటివారితో మాటపడ్డాను.

ఈ చలిలో వాటికి కావలసింది కొవ్వు. స్యూట్ పేరుతో ఇక్కడి దుకాణాల్లో అమ్మేది అదే. పశువుల మూత్రపిండాల చుట్టూ పేరుకునే గట్టి కొవ్వును కరిగించి, వడకట్టి, అందులో మొక్కజొన్న రవ్వ, వేరుసెనగ పలుకులు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి అరచేతి వెడల్పు బిళ్లలుగా పోస్తారు. ఒక్కో బిళ్ల ఇంచుమించు 300 గ్రాములుంటుంది. దాన్ని తీగ పంజరంలో పెట్టి కొమ్మకు వేలాడదీస్తే డౌనీ, హెయిరీ, రెడ్ బెల్లీడ్ అనే మూడు జాతుల వడ్రంగి పిట్టలూ, చెట్టు మానును పట్టుకుని తలకిందులుగా దిగివచ్చే నట్‌హ్యాచ్‌లూ, చికడీలూ వంతులవారీగా వచ్చి పొడుచుకు తింటాయి. స్టార్లింగులనే గోరింక జాతి పిట్టలు గుంపుగా దిగి అంతా ఊడ్చేస్తుంటే, బిళ్ల అడుగువైపు మాత్రమే తెరిచి ఉండే పంజరం కొనుక్కోవాలి. వడ్రంగి పిట్ట తలకిందులుగా వేలాడి సునాయాసంగా తింటుంది, స్టార్లింగుకు అది కష్టం. ఇక పక్షుల కోసం అమ్మే గింజల దిమ్మెలు చూడటానికి అచ్చం మన వేరుసెనగ అచ్చులా ఉంటాయి, కాకపోతే వాటిలో చాలావాటిని బెల్లం పాకంతో కాక జెలటిన్‌తో అంటిస్తారు.

మన కుటుంబాలకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇక్కడే ఉంది. స్యూట్ సాధారణంగా ఆవు కొవ్వు. జెలటిన్ కూడా జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసేదే. మేము తెలియక కొని, పెరుగు గిన్నె పక్కనే ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. వారం తర్వాత అట్ట మీది చిన్న అక్షరాలు చదివిన నా భార్య ఆ పూట ఫ్రిజ్ అంతా కడిగించింది. వడ్రంగి పిట్ట ఎటూ పురుగులు తినేదే కాబట్టి దానికి ఏ పట్టింపూ లేదు, ఉన్న అభ్యంతరమంతా మనది. ఆ అభ్యంతరాన్ని చాదస్తమని నేను కొట్టిపారేయను. కానీ దాని కోసం పక్షులకు తిండి పెట్టడమే మానుకోవలసిన అవసరమూ లేదు. పొట్టు తీసిన ఉప్పు లేని వేరుసెనగ గుళ్లలో దాదాపు సగం నూనే. వాటిని జాలీ గొట్టంలో పోసినా, వేరుసెనగ వెన్నలో మొక్కజొన్న పిండి కలిపి దేవదారు కాయల రెక్కల మధ్య మెత్తినా చికడీలు, వడ్రంగి పిట్టలు అంతే ఇష్టంగా తింటాయి. నల్ల పొద్దుతిరుగుడు గింజలు వేస్తే ఎర్రని కార్డినల్ పిట్టలు కూడా వస్తాయి. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా నడుస్తున్నది ఈ పద్ధతే.

ఉడతల బెడదకు మాత్రం మందు మన వంటింట్లోనే ఉంది. ఇక్కడ మిరపకారం కలిపిన బిళ్లలు అమ్ముతారు. కారంలోని మంట పక్షుల నాలుకకు తెలియదు, ఉడతలకు బాగా తెలుస్తుంది. రామచిలుకలు పండు మిరపకాయలు తినడం చూసిన గుంటూరు జిల్లా వాడిని కనుక నాకిది వింతగా తోచలేదు.

తిండికి అలవాటుపడి పక్షులు సోమరులవుతాయనే మాట కూడా ఆ ఉత్తరంలో ఉంది. విస్కాన్సిన్‌లో చికడీల మీద చేసి 1988లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు పెట్టే తిండి అందిన పిట్టల్లో 69 శాతం చలికాలం దాటగా, అందని చోట 37 శాతమే దాటాయి. తీవ్రమైన చలి రోజులు ఎక్కువగా ఉన్న నెలల్లోనే ఈ తేడా ఎక్కువగా కనిపించింది. అదే పరిశోధకులు తర్వాత తిండి ఆపేసి చూసినా, అలవాటు పడిన పిట్టలు మిగతావాటిలాగే బతికాయి. కాబట్టి సంక్రాంతికి ఇండియా వెళ్లేవారు నెల రోజులు పంజరం ఖాళీగా ఉంటుందని బెంగపడనక్కర్లేదు.

అసలు భయపడవలసింది అశుభ్రతకు. 2021లో పైన్ సిస్కిన్ అనే చిన్న పిట్టల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా వ్యాపించి, మనుషులకూ సోకినప్పుడు, పశ్చిమ రాష్ట్రాల్లో అధికారులు పంజరాలన్నీ కొంతకాలం దించేయమని కోరారు. పంజరాన్ని రెండు వారాలకొకసారి తొమ్మిది పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పంజరాన్ని కిటికీకి మూడడుగుల లోపు గాని, ముప్పై అడుగుల అవతల గాని కట్టాలి, మధ్య దూరంలో కడితే బెదిరిన పిట్ట వేగంగా వెళ్లి అద్దానికి కొట్టుకుంటుంది. ఎండలు ముదరగానే మామూలు కొవ్వు బిళ్ల తీసేయాలి, ఎందుకంటే కరిగిన కొవ్వు ఈకలకు అంటుకుంటే అవి తడినీ చలినీ ఆపలేవు. తెనాలిలోని మా తమ్ముడు ఇవే బిళ్లలు తెమ్మని అడిగితే, మే నెల ఎండకు అవి గంటలో కారిపోతాయని, చూరుకు వరి కంకుల కుచ్చు కట్టి, మూకుడులో నీళ్లు పెట్టమని చెప్పాను.

కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర కేంద్రం, బర్డ్స్ కెనడా కలిసి పెరటి పక్షుల లెక్క సేకరించే ఫీడర్‌వాచ్ ఏటా నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. అది మొదలయ్యేలోపు ఈ ఉత్తరాన్ని ప్రచురిస్తే, ఈ ఏడాది కొత్తగా ఇల్లు కొనుక్కున్నవారికి బిళ్ల కొనే ముందే అట్ట మీది అక్షరాలు చదువుకునే వీలుంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
నోవై, మిషిగన్