సెప్టెంబరు నుంచి కొత్త అద్దె, కొత్త చదువు కార్డు

పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మన షాపు నుంచి పుస్తకాలు అద్దెకు తీసుకెళ్తున్న అందరికీ నమస్కారం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. సెప్టెంబరు 1 నుంచి పుస్తకానికి వారం అద్దె 10 రూపాయల నుంచి 15 అవుతుంది. మన ఊరు ఒడిశాలో ఉంది కదా, తెలుగు పుస్తకాలు మనకు విజయవాడ నుంచో విశాఖ నుంచో పార్సిల్‌లో రావాలి. పార్సిల్ ఖర్చూ పెరిగింది, పుస్తకాల ధరలూ పెరిగాయి. పాత అద్దె మీద కొత్త పుస్తకాలు కొనలేకపోతున్నాను. పిల్లల పుస్తకాలకు మాత్రం 5 రూపాయలే, అది మార్చను.

ఇక చదువు కార్డు, అంటే ఏడాదిలో ఎంత చదివామో రాసుకునే కార్డు. జనవరి రాగానే చాలామంది ‘ఈ ఏడాది 50 పుస్తకాలు’ అని కార్డు మీద రాయించుకుంటారు. గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల యాప్‌లో పెట్టుకునే ఏడాది లక్ష్యం కూడా పుస్తకాల లెక్కే. సంఖ్య రాసుకుంటే ఊపు వస్తుంది, కాదనను. కానీ అద్దె రిజిస్టరు నా చేతిలో ఉంటుంది కాబట్టి తర్వాత జరిగేది నాకు కనిపిస్తుంది. సంక్రాంతి వెళ్లాక 600 పేజీల నవలలు బీరువాలోంచి కదలవు. వంద పేజీల డిటెక్టివ్ నవలలకు మాత్రం ముందే పేర్లు రాయించుకుంటారు. ఉగాది దాటేసరికి, వెనకబడిపోయామన్న టెన్షన్‌తో కొందరు షాపు వైపు రావడమే మానేస్తారు. ఒక మాస్టారిని అడిగితే, “లెక్క తప్పిపోయింది కదమ్మా, ఇంక ఈ ఏడాదికి వదిలేశాను” అన్నారు. ఇష్టంతో చదివే మనిషి లెక్క కోసం చదువు మానుకోవడం నాకు చాలా బాధగా ఉంది.

అందుకే కొత్త కార్డులో పుస్తకాల లెక్క ఉండదు, పేజీల లెక్క ఉంటుంది. రోజుకు 10 పేజీలు అనుకుంటే ఏడాదికి 3,650. 250 పేజీల పుస్తకాలైతే 14 పైనే. లావు పుస్తకం పట్టుకున్నా నష్టం లేదు. రోజు తప్పితే ఆదివారం కలుపుకోవచ్చు, వారానికి 70 అయితే చాలు. ఇంట్లో పరీక్షలో పెళ్లో ఉన్న నెలకు తగ్గించి రాసుకోండి, అది మీ ఇష్టం.

తేదీ, పుస్తకం పేరు, ఆగిన పేజీ, ఆ పూట చదివినదాని గురించి ఒక్క మాట: ఇవే గడులు. ఆ ఒక్క మాట రాయమని గట్టిగా అడుగుతున్నాను. వారం విరామం వచ్చాక మళ్లీ కథలోకి వెళ్లడానికి పేజీ నంబరు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. నచ్చక మధ్యలో వదిలేస్తే ‘వదిలేశాను’ అని రాయండి. చదివిన పేజీలు లెక్కలోనే ఉంటాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడిలో చదువుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదివేవాళ్లకు 10 పేజీలు ఎక్కువ. మీరు రోజుకు 2 పేజీలు బయటికి వినపడేలా చదవండి, మీ లక్ష్యం అదే. పెద్ద అక్షరాలతో, మనం మాట్లాడుకునే తెలుగులో ఉన్న పుస్తకాలు మీకోసం వేరే అరలో పెట్టాను. అలాంటి వాడుక భాషలోనే పుస్తకాలు రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1880లో టీచరుగా చేరింది మన రాజా వారి బడిలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న కొత్త కార్డులు ఇవ్వడం మొదలుపెడతాను.

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు డిసెంబరులో ఇచ్చే బహుమతి ఇక ఉండదు. ఈసారి గెలవాలనుకున్నవాళ్లు నొచ్చుకుంటారని తెలుసు. కానీ ఆ పోటీ వల్లే సన్న పుస్తకాల వేట పెరిగిందని నా నమ్మకం. ఆ డబ్బుతో పిల్లల పుస్తకాలు కొంటాను.

పాత కార్డు తెస్తే ఇప్పటిదాకా చదివినవన్నీ పేజీల్లోకి మార్చి ఇస్తాను. కార్డుకు డబ్బు తీసుకోను. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు ప్రతి వారం రాలేకపోతే ఆగిన పేజీ, ఆ ఒక్క మాట వాట్సాప్‌లో పంపండి, మీ కార్డులో నేనే రాసి పెడతాను.