ఐడీ కార్డు మీద నా పేరు వచ్చింది, అందరికీ థాంక్స్

మొన్న మంగళవారం మధ్యాహ్నం అడ్మిన్ బిల్డింగ్ రెండో అంతస్తులో నా కొత్త ఐడీ కార్డు చేతికిచ్చారు. పేరు దగ్గర నేను పెట్టుకున్న పేరే ఉంది. ఫోటోలో ఇప్పటి నేనే ఉన్నాను. లామినేషన్ ఇంకా వేడిగానే ఉంది. మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూసుకున్నాను. సాయం చేసినవాళ్ళకి విడివిడిగా చెప్పాను కానీ నలుగురిలో చెప్పాలనిపించి రాస్తున్నాను. మా యూనివర్సిటీ పేరు, మనుషుల పేర్లు రాయట్లేదు. కొందరు వద్దన్నారు, మా ఊళ్ళో ఇంకా అందరికీ తెలియదు కూడా.

నేను ట్రాన్స్ మ్యాన్‌ని. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు, నేను మగవాణ్ణి. తెలంగాణలో ఒక మండల కేంద్రం నుంచి 2022లో పీహెచ్‌డీకి హైదరాబాద్ వచ్చాను. మొదటి ఏడాది నాకు చదువు కన్నా పెద్ద టెన్షన్ టాయిలెట్. లేడీస్‌లోకి వెళ్తే "ఎవరు నువ్వు, ఇటెందుకొచ్చావ్" అని అరిచేవాళ్ళు, జెంట్స్‌లోకి వెళ్ళాలంటే నాకే భయం. అందుకని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళేదాకా నీళ్ళు తాగేవాణ్ణి కాదు, ఏప్రిల్ ఎండల్లో కూడా. (తాగేవాణ్ణి అని రాయగలుగుతున్నాను, ఇన్నేళ్ళూ తాగేదాన్ని అనాల్సి వచ్చింది, ఆ రెండు అక్షరాల దగ్గర నా గొంతు ఆగిపోయేది.)

మూడు నెలల్లో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండోసారి హెల్త్ సెంటర్‌లో సిస్టర్ గారు "నీళ్ళెందుకు తాగట్లేదు" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఏడ్చేశాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, స్టూలు జరుపుకుని కూర్చుని మొత్తం విన్నారు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా నా ఒంటి గురించి అడగలేదు. ఆ రోజే డాక్టర్ గారితో మాట్లాడి మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఒక ఉత్తరం రాయించారు. వారం తిరక్కుండా మొదటి అంతస్తులో స్టాఫ్ టాయిలెట్ వాడుకోమన్నారు. తాళం అటెండర్ అన్న దగ్గర ఉండేది. రెండు రోజులు వెళ్ళి అడిగాను. మూడో రోజు నీలం దారం కట్టిన ఇంకో తాళంచెవి చేయించి తెచ్చి, "తమ్మీ, ఇది నీ దగ్గరనే ఉండనీ, రోజూ అడుగుడెందుకు" అన్నాడు. నన్ను తమ్మీ అని పిలిచిన మొదటి పెద్దమనిషి ఆయనే. అన్నా, ఆ తాళంచెవి ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది.

హాస్టల్ సంగతి చాలా రోజులు తెగలేదు. చివరికి మా వార్డెన్ మేడమ్ రీసెర్చ్ స్కాలర్ల బ్లాకులో, గెస్టులకని ఉంచిన అటాచ్డ్ బాత్రూమ్ గది నాకు ఇప్పించారు. ఆ ఫైలుకి బలం దొరికింది నల్సార్ నుంచి. శామీర్‌పేటలో ఉన్న ఆ న్యాయ విశ్వవిద్యాలయం 2015లోనే ఒక విద్యార్థి అడిగితే డిగ్రీ పట్టా మీద పేరుకి ముందు ఆడా మగా తెలిపే మాట కాకుండా 'మిక్స్' (Mx) అని వేసి ఇచ్చింది. 2022లో ఒక హాస్టల్ గ్రౌండ్ ఫ్లోర్‌ని ఎల్‌జీబీటీక్యూ విద్యార్థుల కోసం కేటాయించింది. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌లోనూ అంతకుముందే ఆడా మగా తేడా లేని జెండర్ న్యూట్రల్ హాస్టల్ పెట్టారు. లా చదివే ఒక సీనియర్ ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇచ్చారు. "ఎక్కడా లేనిది మేమెలా ఇస్తాం" అన్న మాట ఆ పేజీ పెట్టాక మళ్ళీ వినపడలేదు.

ఇక పేరు మార్పు. నాలాంటివాళ్ళు ఎక్కువగా అడిగేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఏ కౌంటర్‌కి వెళ్ళినా "టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే" అనేవాళ్ళు. ఏడాదిన్నర అదే మాట. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు మన జెండర్ మనమే చెప్పుకోవచ్చని తీర్పిచ్చింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం, 2020లో దాని రూల్స్ వచ్చాయి. అవి కౌంటర్ దాకా రావాలంటే ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. నాకోసం మోసింది అకడమిక్ సెక్షన్‌లో పనిచేసే ఒక మేడమ్. నేను మూడోసారి తిరిగి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి "ఆ రూల్ ఏదో ప్రింట్ తీసుకురా బాబూ, నేను చదువుతా" అన్నారు. చదివారు, పెన్సిల్‌తో గీతలు కొట్టుకుంటూ. ట్రాన్స్‌జెండర్ అని కలెక్టర్ ఇచ్చే ఐడెంటిటీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు అడిగితే పేరు, ఫోటో, జెండర్ మార్చి ఇవ్వాలని, అందుకు 15 రోజుల గడువని అందులో ఉంది. యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆవిడే నోట్ రాసి ఫైలు పైకి పంపారు.

ఆ సర్టిఫికెట్ కోసం ట్రాన్స్‌జెండర్ల నేషనల్ పోర్టల్‌లో 2024 జనవరిలో అప్లై చేశాను. అఫిడవిట్, ఆధార్, ఫోటో సరిపోయాయి, మెడికల్ రిపోర్టు ఏమీ అడగలేదు. కలెక్టర్ సంతకంతో వచ్చేసరికి నాకు మూడు నెలలు పట్టింది. అప్పటి రూల్ ప్రకారం మొదట వచ్చే దాంట్లో ట్రాన్స్‌జెండర్ అనే ఉండేది, మగ అని రావాలంటే సర్జరీ లాంటి చికిత్స తర్వాత మళ్ళీ అప్లై చేయాల్సి ఉండేది. నాకు ఇప్పటికి ఇది చాలు.

మా ల్యాబ్‌లో ఇంకొకరున్నారు, నాన్ బైనరీ, అంటే తనని ఆడా అనుకోరు, మగా అనుకోరు. తన కష్టం నాకన్నా ఎక్కువ. సర్టిఫికెట్ సంగతి అలా ఉంచితే, తెలుగులో ఒక వాక్యం పూర్తి చేయాలన్నా వచ్చాడో వచ్చిందో తేల్చాల్సి వస్తుంది. మా గైడ్ గారు ఎవరూ చెప్పకుండానే దారి కనిపెట్టారు. తన గురించి ఎప్పుడూ "తను వచ్చారు, తను రాశారు" అంటారు. అరవై దగ్గరపడ్డ మనిషి తన శిష్యుల్ని అలా అనడం వింటుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. సర్, మీకు మేమిద్దరం రుణపడి ఉన్నాం.

బయటివాళ్ళకీ చెప్పాలి. నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో నన్ను కూర్చోబెట్టి హార్మోన్ల గురించి తొందరపెట్టకుండా, భయపెట్టకుండా చెప్పినవాళ్ళూ ట్రాన్స్ వాళ్ళే. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగి అది మూతపడినప్పుడు చాలా బెంగపడ్డాను. సబ్‌రంగ్ అనే పేరుతో మళ్ళీ తెరుచుకుంది, కొత్తగా వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ పేరుతో వెతకండి. నిజాం కాలం నాటి, 1919 నుంచి ఉన్న తెలంగాణ యూనక్స్ యాక్ట్ మీద హైకోర్టుకెళ్ళిన వైజయంతి వసంత మొగిలి గారికి, ఇతరులకి కూడా థాంక్స్. మనల్ని నేరస్తుల్లా రిజిస్టర్‌లో రాసుకోమన్న ఆ చట్టాన్ని 2023 జులైలో కోర్టు కొట్టేసింది. నేను ఆ వార్త హాస్టల్ మెస్‌లో చదివాను, అన్నం ముందు పెట్టుకుని. ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో డాక్టర్లుగా చేరిన ట్రాన్స్ మహిళలు ప్రాచీ రాథోడ్ గారు, రూత్ జాన్ పాల్ గారు నాకు తెలియదు, వాళ్ళకి నేనూ తెలియదు. కానీ అప్లికేషన్ మధ్యలో వదిలేద్దామనుకున్న రాత్రుల్లో వాళ్ళ ఫోటో తీసి చూసుకునేవాణ్ణి.

అమ్మ గురించి ఒక్క మాట. తనకి ఇదంతా పూర్తిగా అర్థం కాలేదు, నాన్నకి చెప్పే ధైర్యం లేదు. అయినా ఒరిజినల్ టెన్త్ మెమో కావాలి అనగానే బీరువాలోంచి తీసి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, సంక్రాంతి సకినాల డబ్బా అడుగున పెట్టి ఆర్టీసీ కార్గోలో పంపింది. మెమోకి నూనె మరక కూడా అంటలేదు. మొన్న కార్డు ఫోటో పంపితే రాత్రి ఫోన్ చేసి "తిన్నవా" అని అడిగింది, ఫోటో గురించి ఏమీ అనలేదు. నాకు తొందరేం లేదు అమ్మా.

టెన్త్, ఇంటర్ మెమోల్లో మార్పు ఇంకా మిగిలే ఉంది, వచ్చే నెల మొదలుపెడతాను. నేను వాడిన అఫిడవిట్ నమూనా, రూల్స్ ప్రింట్, ఆ సీనియర్ రాసిచ్చిన పేజీ నా దగ్గరున్నాయి, ఏ కాలేజీ వాళ్ళయినా మెసేజ్ పెట్టండి, పంపుతాను. మా క్యాంపస్ వాళ్ళయితే మంగళ, శుక్రవారాలు మూడు తర్వాత నేను ఖాళీ, సెక్షన్ దాకా తోడు వస్తాను.