మా షాపు ఫోన్ ఇకపై ఇలా మోగుతుంది

మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మా దగ్గర ఏసీలు, ఫ్రిజ్‌లు బాగు చేయించుకునే అందరికీ నమస్కారం. "మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరేంటండీ" అని చాలామంది అడుగుతున్నారు. నిజమే. కౌంటర్‌లో ఒక్కరే ఉంటారు. ఆయన స్పేర్ల కోసం లోపలికి వెళ్తే ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. అందుకే ఫోన్ సిస్టం సెట్టింగులు మార్పించాం.

ఇప్పుడు మీ కాల్ ముందు 15 సెకన్లు, అంటే దాదాపు ఐదు రింగులు, కౌంటర్‌లోనే మోగుతుంది. ఎత్తకపోతే ఇంకో 15 సెకన్లు కౌంటర్, వర్క్‌షాప్, స్టోర్ మూడుచోట్లా ఒకేసారి మోగుతుంది. అప్పటికీ ఎత్తకపోతే నా మొబైల్‌కి వస్తుంది. మీరు పెట్టేయకుండా లైన్‌లో ఉంటే చాలు.

మొదటి నుంచే అన్నీ మోగిద్దాం అన్నారు మావాళ్లు. నేను వద్దన్నాను. అన్నీ ఒకేసారి మోగితే పక్కవాళ్లు ఎత్తుతారులే అని ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. పైగా కంప్లైంట్ల పుస్తకం ఉండేది కౌంటర్‌లోనే.

ఈ సెకన్ల లెక్క ఎందుకంటే, 2019లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) పెట్టిన నిబంధన ప్రకారం ఎత్తని కాల్ ల్యాండ్‌లైన్‌లో 60 సెకన్లు, మొబైల్‌లో 30 సెకన్లు మోగుతుంది. మాది 040 ల్యాండ్‌లైన్ నంబరు. షాపులోనే 50 సెకన్లు తిప్పితే, నేను జేబులోంచి ఫోన్ తీసేలోపు మీ కాల్ కట్టయిపోతుంది.

మెకానిక్‌ల మొబైళ్లు ఇందులో కలపలేదు. నాలుగో అంతస్తులో ఔట్‌డోర్ యూనిట్ విప్పుతున్న అబ్బాయి ఫోన్ ఎత్తకూడదు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద బండి మీదున్నవాడు అసలే ఎత్తకూడదు. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" రికార్డింగ్ కూడా పెట్టలేదు. ఏసీ ఆగి చెమటలు కక్కుతున్నవాళ్లకి అది వినిపిస్తే ఒళ్లు మండదూ!

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. నా మొబైల్‌లో మీ నంబరు కాకుండా మా షాపు నంబరే కనిపిస్తుంది. నేనూ ఎత్తలేకపోతే, షాపుకొచ్చి సిస్టంలో మిస్డ్ కాల్స్ చూసి తిరిగి చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో అది ఆలస్యమవుతుంది, ముందే చెబుతున్నా. నీళ్లు కారడం, చల్లదనం తగ్గడం లాంటివైతే పేరు, అడ్రసుతో వాట్సాప్ చేయండి. మాడు వాసన వస్తే మాత్రం మాకు ఫోన్ చేసే ముందే ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దించేయండి.