గేమ్ కీ కోసం స్టీమ్ లాగిన్ అడిగితే

విజయనగరం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. దసరాకి అమ్మమ్మ ఇచ్చిన డబ్బులతో ఆన్‌లైన్ షాపులో గేమ్ బండిల్, అంటే కొన్ని కంప్యూటర్ ఆటల కట్ట, కొన్నావు. తీరా ఆ ఆటల్ని నీ స్టీమ్ అకౌంట్‌లో, అంటే కంప్యూటర్ ఆటలు ఉంచుకునే ఖాతాలో, చేర్చే కోడ్ (కీ) చూపించమంటే షాపు పేజీ "ముందు స్టీమ్‌తో సైన్ ఇన్ అవ్వండి" అంటోంది, డబ్బులు కట్టించుకున్నాక ఇదేటి నాన్నా అన్నావు. నువ్వు ఆగి అడగడం నాకు చాలా నచ్చింది. అడిగే పద్ధతి చూసి, దాన్నిబట్టి ఒప్పుకోవాలి.

హంబుల్ బండిల్ లాంటి షాపులు స్టీమ్ అకౌంట్ జోడించమనడం మామూలే. ఆ ఆట నీ దగ్గర ఇప్పటికే ఉందో లేదో చూస్తారు. ఒక్కడే పది బండిల్స్ కొని కీలు బయట అమ్ముకోకుండా కూడా ఇది అడ్డం. అసలైన సైన్ ఇన్ అయితే షాపుకి వెళ్ళేది ఒకే ఒక్క 17 అంకెల నంబరు, నీ స్టీమ్ ఐడి. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పార్శిల్ విడిపించుకునేటప్పుడు రసీదు, గుర్తింపు కార్డు చూపిస్తాం చూడు, అంతవరకే. ఇంటి తాళాలు ఇమ్మని ఎవరూ అడగరు. ఆ నంబరుతో నీ పాస్‌వర్డ్ తెలీదు, వాలెట్‌లో రూపాయి కదలదు. నీ ప్రొఫైల్‌లో అందరికీ కనబడేలా పెట్టినవి మాత్రం చూడగలరు. ఆటల జాబితా పబ్లిక్‌గా పెట్టమని షాపు అడిగితే పెట్టు, పని అయ్యాక మళ్ళీ ప్రైవేట్ చేసెయ్యి.

చిక్కంతా స్టీమ్ లాగిన్ పేజీ లాగే తయారుచేసిన దొంగ పేజీతోనే. రంగు, బొమ్మ, అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి కాబట్టి చూపు మీద ఆధారపడకు, ఇలా చెయ్యి. షాపు బటన్ నొక్కకముందే అదే బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచి, స్టీమ్‌కమ్యూనిటీ డాట్ కామ్ అని నువ్వే టైప్ చేసి లాగిన్ అవ్వు. గూగుల్‌లో వెతికి పైన వచ్చిన ప్రకటన నొక్కకు. ఆ తరవాత షాపు పేజీకి వచ్చి బటన్ నొక్కు. అసలు పేజీ అయితే నువ్వు లాగిన్ అయి ఉన్నావని దానికి తెలుసు. నీ పేరు, నీ బొమ్మ చూపించి, కింద సైన్ ఇన్ అని ఒక్క బటన్ ఇస్తుంది. ఈ షాపుకీ స్టీమ్‌కీ సంబంధం లేదని కూడా అక్కడే రాసి ఉంటుంది. పాస్‌వర్డ్ అడగదు. ఇప్పుడే లాగిన్ అయ్యావు, అయినా మళ్ళీ పాస్‌వర్డ్ గడి కనబడిందంటే మరి ఆలోచించకు, మూసెయ్యి. ఒక్క మెలిక ఉంది: ఇన్‌స్టాలోనో డిస్కార్డ్‌లోనో లింకు నొక్కితే వాటి లోపలి బ్రౌజర్ తెరుచుకుంటుంది, దానికి నీ లాగిన్ తెలీదు, అసలు పేజీ కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే ఈ పని ఎప్పుడూ ల్యాప్‌టాప్‌లో, మామూలు బ్రౌజర్‌లోనే చెయ్యి.

అడ్రసు చదివేటప్పుడు డాట్ కామ్‌కి సరిగ్గా ముందున్న మాట చూడు. ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెడతారు, చిన్న తెర మీద రెండూ కలిసి ఎం లాగే కనబడతాయి. ఇంకోటి, పేజీ లోపలే కిటికీ బొమ్మ గీసి, దాని మీద సరైన అడ్రసు కూడా రాసి పెడతారు. ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగి చూడు. నిజమైన కిటికీ డెస్క్‌టాప్ మీదికి వచ్చేస్తుంది. గీసిన బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది, లేదా అక్కడికి సగం కోసినట్టు మాయమవుతుంది. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్ ఎప్పుడూ తనంత తాను నిండేది, ఇవాళ నిండలేదంటే అది కూడా గట్టి గుర్తే. అలాంటప్పుడు చేత్తో టైప్ చేసి దానికి సాయం చెయ్యకు.

పాస్‌వర్డ్ తరవాత ఫోనులోని కోడ్ కూడా అడిగే స్టీమ్ గార్డ్ ఉంది కదా అన్న ధీమా వద్దు. ఆ 5 అక్షరాల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది నిజమే, కానీ నువ్వు దొంగ పేజీలో కొట్టిన కోడ్‌ని వాళ్ళ ప్రోగ్రాం ఆ క్షణంలోనే అసలు సైట్‌లో కొట్టేస్తుంది. ఫోనుతో స్కాన్ చేసి లాగిన్ అయ్యే క్యూఆర్ కూడా అంతే: వాళ్ళు అసలు సైట్ నుంచి తెచ్చిన క్యూఆర్‌ని నీకు చూపిస్తారు, నువ్వు స్కాన్ చేస్తే లోపలికి వెళ్ళేది వాళ్ళు. ఫోనులో ఆమోదించే ముందు ఏ ఊరు, ఏ పరికరం అని చూపిస్తుంది, అది చదువు. మన నెట్‌కి ఒక్కోసారి హైదరాబాదో చెన్నైయో చూపించొచ్చు, దానికి కంగారు పడకు. వేరే దేశం చూపిస్తే మాత్రం వద్దని నొక్కు.

కీ చేతికొచ్చాక షాపుతో పని లేదు. స్టీమ్ ప్రోగ్రాంలో పైన గేమ్స్ మెనూలో యాక్టివేట్ ఎ ప్రొడక్ట్ అని ఉంటుంది. సాధారణంగా కీ అయిదేసి అక్షరాల చొప్పున మూడు గుత్తులు, మొత్తం 15. చూసి కొట్టకు, కాపీ చేసి అతికించు. తప్పు కీలు వరసగా కొడితే కాసేపు తాళం పడిపోతుంది. ఒకసారి అకౌంట్‌లోకి వెళ్ళిన కీ ఇంకో అకౌంట్‌కి మారదు, అందుకని పైన ఎవరి పేరుందో చూసుకున్నాకే నొక్కు, తమ్ముడు కూడా అదే ల్యాప్‌టాప్ వాడతాడు. మన దేశంలో పనిచెయ్యదని వస్తే వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టి దొడ్డిదారిన ప్రయత్నించకు, అకౌంట్‌కే ముప్పు. డబ్బులు షాపునే అడుగు. 14 రోజులలోపు, 2 గంటలలోపు ఆడితే వెనక్కిచ్చే స్టీమ్ పద్ధతి బయట కొన్న కీలకి వర్తించదు.

గూగుల్‌తోనో, స్టీమ్ లాంటి ఇంకో ఆటల షాపు ఎపిక్‌తోనో సైన్ ఇన్ అయితే లెక్క వేరు. అక్కడ ఏమేం చూడనివ్వాలో జాబితా వస్తుంది. పేరు, ఈమెయిల్ వరకు సరే. మెయిల్స్ చదవడం, కాంటాక్ట్స్, డ్రైవ్ అడిగితే ఆట కోడ్‌కి అవెందుకు? వెనక్కి వచ్చెయ్యి. పని అయిపోయాక గూగుల్ అకౌంట్‌లో థర్డ్ పార్టీ కనెక్షన్స్ తెరిచి దాన్ని తీసెయ్యి.

తమ్ముడికీ ఒక మాట చెప్పు, నా మాట కన్నా నీ మాటే వాడి చెవికెక్కుతుంది. ఫోను ఆట బీజీఎంఐలో కోడ్ వాడాలంటే క్యారెక్టర్ ఐడి, కోడ్ ఉంటే చాలు. "లాగిన్ ఇవ్వు, యూసీ (ఆ ఆటలో వాడే డబ్బు) వేసేస్తాను" అన్నవాడికి ఏదీ ఇవ్వొద్దు. అలాగే చవగ్గా ఆట అని కీ బదులు ఎవరిదో ఐడి, పాస్‌వర్డ్ అమ్ముతారు. అమ్మినవాడు రికవరీ మెయిల్‌తో రేపే దాన్ని వెనక్కి లాక్కోగలడు.

పొరపాటున దొంగ పేజీలో కొట్టేశావనుకో, దాచకు, నేను తిట్టను. వరస ముఖ్యం. ముందు వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్ మార్చు. తరవాత స్టీమ్ గార్డ్ సెట్టింగుల్లో అన్ని పరికరాలనూ ఒకేసారి బయటికి పంపే బటన్ నొక్కు. ఆపైన స్టీమ్ వెబ్ ఏపీఐ కీ పేజీ చూడు. ఇది ఆట కీ కాదు, బయటి ప్రోగ్రాంలు నీ అకౌంట్ సమాచారం చూడడానికి వాడే కీ. నువ్వు పెట్టని కీ అక్కడుంటే రద్దు చెయ్యి, చాలామంది దీన్నే మరిచిపోతారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ కీ ఉన్నంతకాలం నీ ట్రేడ్‌ల (ఆట వస్తువుల మార్పిడి) మీద వాళ్ళ కన్ను ఉంటుంది. మెయిల్‌కీ అదే పాస్‌వర్డ్ ఉంటే అదీ మార్చి, ఎవరికైనా ఫార్వర్డ్ అవుతోందేమో చూడు. డబ్బులు కూడా పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి చెప్పాలి. షాపు పంపిన రసీదు మెయిల్ ఎప్పుడూ చెరపకు, స్టీమ్ సపోర్ట్‌కి అకౌంట్ నీదేనని చూపించడానికి అదే అక్కరకొస్తుంది.

సిరిమాను పండక్కి వస్తావు కదా, ల్యాప్‌టాప్ తెచ్చుకో. నీ మెయిల్‌కి రికవరీ నంబరు ఇంకా మనం వదిలేసిన పాత సిమ్‌దే ఉంది, అమ్మ నంబరు పెట్టేద్దాం.

మీ నాన్న