విచారం వేరు, క్షమాపణ వేరు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ విద్యార్థుల పేజీలో ‘సారీ’కి పర్యాయపదాలు ఇచ్చారు. రిగ్రెట్, అపాలజీ, పార్డన్, అన్నిటికీ ఎదురుగా ఒకటే మాట: క్షమాపణ. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

మీ లెక్కన, తండ్రి పోయిన స్నేహితుడితో ‘సారీ’ అన్నవాడు ఆ చావుకు తానే కారణమని ఒప్పుకున్నట్లు! అక్కడ ఆ మాటకు బాధ అని అర్థం. పుట్టుకతోనే అది నొప్పికి చుట్టం. పుండును చెప్పే ‘సోర్’, ఇదీ ఒకే వేరు నుంచి వచ్చాయి. అపాలజీ గ్రీకు మాట, మొదట్లో దాని అర్థం సంజాయిషీ. విచారణలో సోక్రటీసు చేసిన ‘అపాలజీ’ తనను తాను సమర్థించుకోవడమే, క్షమించమని వేడుకోవడం కాదు.

ఇక రిగ్రెట్. జరిగినదానికి బాధ ఉంటుంది, చేసినవాడు ఉండడు. ఏలికలకు ఇంతకన్నా సుఖమైన మాట ఏముంది? 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే జలియన్‌వాలాబాగ్ గురించి పార్లమెంటులో ఈ మాటే అన్నారు. వందేళ్లకు ఏరి ఏరి పట్టుకున్న మాట! ఆస్ట్రేలియాలో ఆదివాసులకు జరిగిన అన్యాయాలపై 1999లో పార్లమెంటు రిగ్రెట్‌తో సరిపెట్టింది. ‘సారీ’ వినడానికి వాళ్లు ప్రభుత్వం మారేదాకా, 2008 ఫిబ్రవరి 13 దాకా ఆగాల్సి వచ్చింది. రెండూ ఒకటే అయితే అన్నేళ్లు వాళ్లు దేనికోసం ఎదురుచూసినట్లు?

అంత దూరం ఎందుకు? మా కార్యాలయంలో లిఫ్టు ఆగి నాలుగు నెలలైంది. తలుపుకు అంటించిన అట్ట మీద ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాసి ఉండేది. సిరా వెలిసిపోయి ఇప్పుడు ‘చింత’ ఒక్కటే మిగిలింది. సంతకం ముందే లేదు. మోకాళ్లు నావి కనుక చింత కూడా నాదేనేమో. అధికారుల ప్రకటనలూ ఈ తీరువే: ‘పొరపాట్లు జరిగాయి’. వాటంతట అవే జరిగాయి కాబోలు!

ఒకప్పుడు ఇలాంటి పేజీని అచ్చుకు పంపే ముందు భాష తెలిసినవారు ఎవరో ఒకరు చూసేవారు. ఇప్పుడు నిఘంటువులో వరుసగా కనిపించినవన్నీ తెచ్చి దించుతున్నట్లుంది. పిల్లలు దాన్నే బట్టీపట్టి పరీక్షలో రాస్తారు.

సవరణ వేయండి. అందులో ‘చింతిస్తున్నాం’ అని మాత్రం రాయకండి. తప్పు మాదే అనండి, చాలు.

- మీ పాత చందాదారు